వేలికో లెక్క

పియానో, కీబోర్డు నేర్చుకునేవాళ్ల మధ్య ఒక మాట బాగా చెలామణిలో ఉంది. పలకాల్సిన స్వరం పలికితే చాలు, దాన్ని ఏ వేలితో నొక్కితే ఏం? వినేవాళ్లకు స్వరం వినబడుతుంది గానీ వేలు కనబడదు కదా! పిల్లల్ని క్లాసుకు పంపే తల్లిదండ్రులు ఈ మాట అంటారు. వీడియోలు చూసి సొంతంగా నేర్చుకునే కుర్రాళ్లూ అంటారు. నాలుగు పాటలు త్వరగా నేర్పి మెప్పు పొందాలనుకునే మాస్టార్లు పైకి అనకపోయినా ఆచరణలో అదే చేస్తారు. స్కేల్స్ సాధనలో బొటనవేలు 1, చిటికెనవేలు 5 అంటూ వేళ్లకు అంకెలు వేయడం పాతకాలపు చాదస్తమనీ, ఐరోపావాళ్ల అలవాటును మన నెత్తిన రుద్దడమనీ, చెవి బాగుంటే చేయి తన దారి తానే చూసుకుంటుందనీ ఈ వాదం సారాంశం. వినడానికి ఉదారంగా ఉంటుంది, నేర్చుకునేవాడికి స్వేచ్ఛ ఇస్తున్నట్టు అనిపిస్తుంది. అయితే పియానో మెట్ల అమరికనూ మనిషి చేతినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇందులో ఒక్క ముక్కా నిలబడదు. ఏడు స్వరాలను ఐదు వేళ్లతో, రెండు ఎత్తుల్లో ఉన్న మెట్ల మీద, ఆగకుండా పలికించాల్సి వచ్చినప్పుడు తప్పనిసరిగా పుట్టే లెక్కకే ఫింగరింగ్ అని పేరు. ఆ లెక్క పట్టించుకోకుండా గంటలకొద్దీ స్కేల్స్ వాయించేవాడు తన పొరపాటును తానే రోజూ గట్టిపరుచుకుంటాడు.

మొదట అన్నిటికన్నా సులువుగా కనిపించే సి మేజర్ స్కేల్‌నే తీసుకుందాం. నల్ల మెట్లు లేవు, సి నుంచి సి దాకా అన్నీ తెల్లవే. కుడిచేతి బొటనవేలు సి మీద పెట్టి వరసగా వేళ్లు వాడుకుంటూ పోతే చిటికెనవేలు జి మీదకు, అంటే మన లెక్కలో పంచమం మీదకు వస్తుంది. అక్కడ వేళ్లు అయిపోయాయి, స్వరాలు అయిపోలేదు. ఇప్పుడేం చేయాలి? చేతిని మొత్తంగా ఎత్తి పక్కకు వేస్తే జి కీ ఎ కీ మధ్య సందు పడుతుంది. బొటనవేలును చిటికెనవేలి కింద నుంచి దూర్చాలంటే, చిటికెన పొట్టిది, చేతి అంచున ఉండేది, దాని కింద చోటు ఉండదు. అదీ ఎలాగో సాధించారనుకుందాం. ఐదేసి స్వరాలకు ఒకసారి బొటనవేలు వస్తూ పోతే అది మొదట సి మీద, తర్వాత ఎ మీద, ఆ తర్వాత ఎఫ్, డి, బి, జి, ఇ మీద పడి, ఐదు స్థాయిలు దాటాక గానీ మళ్లీ సి దగ్గరకు రాదు. అంటే ప్రతి స్థాయిలోనూ కొత్త వరస గుర్తుపెట్టుకోవాలి. అందుకే ఏడును మూడు, నాలుగుగా విడగొట్టారు: 1, 2, 3 తర్వాత బొటనవేలు నడిమివేలి కింద నుంచి ఎఫ్ మీదకు వస్తుంది. మళ్లీ 1, 2, 3, 4 తర్వాత ఉంగరపువేలి కింద నుంచి పై సి మీదకు వస్తుంది. పొడుగు వేళ్ల కింద చోటు ఉంటుంది గనక బొటనవేలు దూరుతుంది. మూడూ నాలుగూ కలిస్తే ఏడు గనక ఏ స్థాయిలోనైనా బొటనవేలు అవే రెండు స్వరాల మీద పడుతుంది, ఉంగరపువేలు స్థాయికి ఒక్కసారే వస్తుంది. ఇందులో అధికారం చలాయించినవాళ్లు ఎవరూ లేరు. కూడిక ఉంది, చేతి నిర్మాణం ఉంది, అంతే.

ఈ వరసే శాసనమైతే దాన్ని అన్ని స్కేల్స్‌కూ ఒకేలా వర్తింపజేయాలి. అలా చేయరు, ఎందుకు చేయరో చూస్తే ఫింగరింగ్ వెనకున్న తర్కం ఇంకా స్పష్టమవుతుంది. ఎఫ్ మేజర్‌లో నాలుగో స్వరం బి ఫ్లాట్, అది నల్ల మెట్టు. సి మేజర్ వరసే ఇక్కడా వాడితే బొటనవేలు సరిగ్గా ఆ నల్ల మెట్టు మీదకు వస్తుంది. నల్ల మెట్లు తెల్లవాటికన్నా సుమారు సెంటీమీటరు ఎత్తులో, బాగా లోపలికి ఉంటాయి. బొటనవేలేమో పొట్టిది, మిగతా వేళ్లలా పైనుంచి దిగేది కాదు, పక్కవాటంగా కదిలేది. దాన్ని నల్ల మెట్టు మీదకు పంపాలంటే చేయి మొత్తం ముందుకు తోయాలి, మణికట్టు మెలితిరగాలి. అందుకే ఎఫ్ మేజర్‌లో కుడిచేయి ముందు 1, 2, 3, 4 వాడి బి ఫ్లాట్‌ను ఉంగరపువేలికి ఇచ్చి, ఆ తర్వాతి తెల్ల మెట్టయిన సి మీదకు బొటనవేలును తెస్తుంది. ఇప్పుడు బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్ మేజర్లు చూడండి. మొదలయ్యే స్వరం వేరు, మొదలుపెట్టే వేలు వేరు. అయినా ఎఫ్ మేజర్‌తో కలిపి ఐదింట్లోనూ కుడిచేతి బొటనవేలు సి మీదా ఎఫ్ మీదా పడుతుంది, ఉంగరపువేలు బి ఫ్లాట్ మీద పడుతుంది. సి, జి, డి, ఎ, ఇ, బి మేజర్లు ఆరింటికీ మూడూ నాలుగూ వరస మారదు. పుస్తకాల్లో పన్నెండు పట్టికలుగా అచ్చయ్యేది నిజానికి రెండు మూడు సూత్రాల పంట. పన్నెండు పట్టికలను బట్టీ పట్టించే మాస్టారూ, పన్నెండింటినీ చెత్తబుట్టలో వేయమనే కుర్రవాడూ ఆ సూత్రాలను చూడనివాళ్లే.

వినేవాళ్లకు వేలు కనబడదన్న మాటకు వద్దాం. పియానో విషయంలో వేలు వినబడుతుంది. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో 1700 ప్రాంతంలో బార్తొలొమేయో క్రిస్టోఫోరి తయారుచేసిన ఈ వాద్యం ప్రత్యేకతే అది. మెట్టు ఎంత వేగంగా కిందికి దిగితే సుత్తి అంత వేగంగా తీగను తాకుతుంది, శబ్దం అంత గట్టిగా వస్తుంది. సుత్తి తగిలాక ఆ స్వరాన్ని పెంచడానికి వీల్లేదు. అంటే ప్రతి స్వరం బరువూ దాన్ని నొక్కిన వేలి కదలికలోనే తేలిపోతుంది. కంగారుగా దూరిన బొటనవేలు ఎఫ్ దగ్గర ఠంగుమంటుంది, సిద్ధంగా లేని ఉంగరపువేలు బి దగ్గర నీరసంగా పలుకుతుంది, చేయి ఎత్తి వేసినచోట సందు వినబడుతుంది. హార్మోనియంలో ఇది బయటపడదు. పద్యనాటకాలతో, భజనలతో మనకు తరతరాల పరిచయమున్న ఆ వాద్యంలో శబ్దం హెచ్చుతగ్గులు తిత్తి గాలి వల్ల వస్తాయి. ఏ వేలితో ఎంత గట్టిగా నొక్కినా ఒకే మోత. చేతి హార్మోనియంలో ఒక చేయి తిత్తికే సరిపోతుంది గనక రెండు చేతుల వేళ్లూ కలిసి నడవాల్సిన సమస్యా రాదు. చౌక రకం కీబోర్డుల్లో చాలావాటికీ స్పర్శను బట్టి శబ్దం మారే ఏర్పాటు ఉండదు. వేలు ఏదైనా ఒకటే అనే అభిప్రాయం ఈ వాద్యాల మీద పెరిగింది, వాటి మీద కొంతవరకు చెల్లుతుంది కూడా. దాన్ని తెచ్చి పియానోకు అంటగట్టడమే పొరపాటు. పెడల్ తొక్కితే సందులు వినబడవని కొందరంటారు. స్కేల్ వాయిస్తూ పెడల్ తొక్కి ఉంచితే పక్కపక్క స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి మోగి మొత్తం గజిబిజి అవుతుంది. సందు పూడ్చబోయి స్కేల్‌నే పూడ్చినట్టు.

వేగం సంగతి చూస్తే ఈ వాదం మరీ తేలిపోతుంది. మెట్రోనోమ్ నిమిషానికి 120 దెబ్బలు కొడుతుండగా దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున వాయించడం పియానోలో పెద్ద విశేషమేమీ కాదు. అంటే సెకనుకు ఎనిమిది స్వరాలు, ఒక్కోదానికి సెకనులో ఎనిమిదో వంతు. సి పలికించిన బొటనవేలు ఎఫ్ మీదకు చేరడానికి మూడు స్వరాల వ్యవధి, సెకనులో సగం కన్నా తక్కువ. డి, ఇ పలుకుతుండగానే అది నడిమివేలి కిందకు జరిగి సిద్ధంగా ఉండాలి. నాలుగు స్థాయిల సి మేజర్ పైకి వెళ్లేటప్పుడు ఈ దూరడం ఏడుసార్లు, దిగేటప్పుడు వేళ్లు బొటనవేలి మీదుగా దాటడం మరో ఏడుసార్లు. ఇన్ని మలుపుల దగ్గర ఏ వేలు వాడాలో అప్పటికప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. ముందే తేల్చుకున్నదే చేయి చేస్తుంది. ఒంటరిగా ఒక్క స్వరాన్ని ఏ వేలితో నొక్కినా తేడా లేదన్నది నిజమే. కానీ స్కేల్‌లో ఏ స్వరమూ ఒంటరిది కాదు. ఇక్కడ ఏ వేలు ఉండాలో నిర్ణయించేది రాబోయే మూడో స్వరమో నాలుగో స్వరమో. ఎఫ్ మేజర్‌లో బి ఫ్లాట్ మీద 4 పెట్టేది ఆ స్వరం కోసమే కాదు, దాని తర్వాత వచ్చే సి కోసం కూడా.

చేయి తన దారి తానే చూసుకుంటుందన్న భరోసా వెనక సాధన అంటే ఏమిటో తెలియకపోవడం ఉంది. చేతికి మంచి చెడు తెలియవు. పదిసార్లు ఏది చేయిస్తే అది నేర్చుకుంటుంది. స్కేల్ పదిసార్లు వాయించి, నాలుగుసార్లు ఎఫ్ మీద బొటనవేలు, మూడుసార్లు ఉంగరపువేలు, మిగతా మూడుసార్లు ఏది అందితే అది పెడితే, ఆ పది ఆవృత్తులు ఒక్క సాధన కిందకు రావు. మూడు వేర్వేరు పనుల్ని అరకొరగా మొదలుపెట్టి వదిలినట్టు అవుతుంది. ఇంట్లో తీరుబడిగా వాయించినంతసేపు ఇది పట్టుబడదు. వేదిక మీద, పరీక్షలో, పక్కన గాయకుడు ఎదురుచూస్తున్నప్పుడు చేతి ముందు మూడు దారులు ఒక్కసారే తెరుచుకుంటాయి, వేళ్లు తడబడతాయి. "ఇంట్లో బాగానే వచ్చింది" అనే ఫిర్యాదులో చాలాభాగం ఇక్కడిదే. తెర పైనుంచి రంగు పట్టీలు రాలుతూ మెట్ల మీద పడే వీడియోలు ఈ తడబాటును ఇంకా పెంచుతున్నాయి. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంతసేపు అనేవి అవి చక్కగా చూపిస్తాయి. ఏ వేలు అన్నది చాలావాటిలో ఉండదు. చూసేవాడు దొరికిన వేలితో నొక్కి, పాట వచ్చేసిందనుకుంటాడు. నిదానంగా ఉన్న పాట వస్తుంది కూడా. వేగం కాస్త పెంచగానే ఆగే చోటు ప్రతిసారీ ఒక్కటే అవుతుంది. అక్కడ లోపం చెవిది కాదు, ప్రతిభది కాదు. ఆ చోటుకు రెండు స్వరాల ముందు పడిన తప్పు వేలిది.

చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడ గట్టి అభ్యంతరమే లేవదీస్తారు. ఫింగరింగ్ అంత సహజమైన లెక్కయితే కాలానికో తీరుగా ఎందుకు మారింది? నిజమే, మారింది. పదహారు, పదిహేడో శతాబ్దాల కీబోర్డు వాద్యకారులు స్కేల్‌లో బొటనవేలును అంతగా వాడలేదు. కుడిచేత్తో పైకి వెళ్లేటప్పుడు నడిమివేలు, ఉంగరపువేలు ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ 3, 4, 3, 4 అని నడిచేవి. స్వరకర్త జె.ఎస్. బాఖ్ 1720లో తన తొమ్మిదేళ్ల పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం మొదలుపెట్టిన అభ్యాస పుస్తకంలోని 'అప్లికాసియో' అనే రచనలోనూ ఆ జంట వేళ్ల నడక కనిపిస్తుంది. అదే బాఖ్ రెండేళ్ల తర్వాత 1722లో 'వెల్ టెంపర్డ్ క్లావియర్'ను పన్నెండు స్వరాల నుంచీ మేజర్, మైనర్ రెండింటిలోనూ, మొత్తం ఇరవై నాలుగు శ్రుతుల్లో కూర్చాడు. నల్ల మెట్లు రెండు మూడు మాత్రమే తగిలే పాత రచనలకు సరిపోయిన నడక, నాలుగైదు నల్ల మెట్లుండే స్కేల్స్‌కు సరిపోదు. బొటనవేలు రంగంలోకి దిగక తప్పలేదు. మరో కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ బాఖ్ 1753లో ప్రచురించిన తన గ్రంథంలో ఫింగరింగ్‌కు మొట్టమొదటి అధ్యాయమే కేటాయించి ఈ మార్పును వివరించాడు. పెద్ద పెద్ద అంగలకు తప్ప బొటనవేలును వాడని గొప్ప విద్వాంసులను తన తండ్రి చిన్నప్పుడు విన్నాడని కూడా అందులో చెప్పాడు. కాబట్టి చరిత్ర చెప్పేది ఏమిటి? వాద్యం మారినప్పుడు, సంగీతం మారినప్పుడు, స్వరాలను విడదీసి పలకాలా కలిపి పలకాలా అన్న అభిరుచి మారినప్పుడు లెక్క మారింది. ప్రతి మార్పుకూ కారణం ఉంది. ఏ వేలైనా ఒకటే అయితే కారణాలతో పనేముంది, మార్పుతో పనేముంది? పాత నడకలో కూడా 3, 4 అనే వరస ఉంది, వరస లేకపోవడం ఎప్పుడూ లేదు.

స్వరకర్తలు షోపాన్, డెబ్యుసీల పేర్లు చెప్పి నియమాలన్నీ గాలికొదిలేయవచ్చనే వాళ్లూ ఉన్నారు. షోపాన్ బొటనవేలును నల్ల మెట్ల మీద పెట్టించాడు, నిజమే. ఓపస్ 10 అనే అభ్యాస రచనల సంపుటిలోని ఐదో ఎట్యూడ్‌లో కుడిచేతి స్వరాలు దాదాపు అన్నీ నల్ల మెట్ల మీదే, అక్కడ బొటనవేలుకు వేరే గతి లేదు. 1833లో అచ్చయిన అదే సంపుటిలోని రెండో ఎట్యూడ్‌లో బొటన, చూపుడువేళ్లు కింద తోడుస్వరాలు పలికిస్తుంటే, క్రోమాటిక్ స్కేల్ మొత్తాన్ని మిగిలిన బలహీనమైన మూడు వేళ్లకే అప్పగించాడు. మరి ఆ పనిని వాయించేవాడి ఇష్టానికి వదిలాడా? ఆ ఎట్యూడ్ పేజీ తెరిచి చూస్తే 3, 4, 5 అంకెలు చీమల బారులా కనిపిస్తాయి. శిష్యుల ప్రతుల్లో కూడా ఆయన స్వయంగా వేళ్ల అంకెలు రాసిపెట్టాడు. ఒక నియమాన్ని తోసిపుచ్చినప్పుడల్లా అంతకన్నా ఖచ్చితమైన మరో వరసను ఆ చోట పెట్టాడు. డెబ్యుసీ 1915లో రాసిన పన్నెండు ఎట్యూడ్‌లలో కావాలనే ఫింగరింగ్ ఇవ్వలేదు. చేతులు అందరివీ ఒకలా ఉండవు గనక ఎవరి వేళ్ల వరసను వాళ్లే వెతుక్కోవాలని ముందుమాటలో చెప్పాడు. వెతుక్కోమన్నాడు, వెతకనక్కర్లేదనలేదు. ఆ సంపుటిలో ఆరోది ఎనిమిది వేళ్ల కోసం రాసింది, బొటనవేళ్లను పక్కన పెట్టి వాయించేది. ఏ వేలు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ అడ్డొస్తుందో అణువణువూ లెక్కవేసినవాడికే అలాంటి ఆలోచన వస్తుంది. వీళ్లిద్దరినీ 'ఏ వేలైతేనేం' పక్షాన సాక్షులుగా పిలిస్తే ఆ పక్షమే ఓడిపోతుంది.

మరో అభ్యంతరం పరీక్షల వైపు నుంచి వస్తుంది. హైదరాబాద్ వంటి నగరాల్లో మన పిల్లలు ఇచ్చే గ్రేడ్ పరీక్షల సంగతే చూడండి, వాటిని నిర్వహించే ఏబీఆర్‌ఎస్‌ఎం వాళ్లే సంగీతం బాగా వచ్చేట్టయితే ఏ ఫింగరింగ్ అయినా ఫర్వాలేదంటున్నారు, మీకెందుకు ఈ పట్టింపు అని. ఆ మాటలోని షరతును వదిలేసి మిగతాది చదివితే అలాగే ఉంటుంది. బాగా వస్తే అన్నదే అక్కడ అసలు మాట. సమంగా, ఆగకుండా, అడిగిన వేగంలో, అడిగిన శ్రుతిలో రావాలి. అలా రప్పించగల వరసలు ఒకటికన్నా ఎక్కువ ఉండొచ్చు, పది ఉండవు, వాటిలో ఏదో ఒకదాన్ని ముందే ఎంచుకుని ఉండాలి. పొట్టి వేళ్లవాడికి, వెడల్పు అరచేతివాడికి చిన్నచిన్న మార్పులు సహజం. ఎర్రల్ గార్నర్ స్వరలిపి చదవడమే నేర్చుకోకుండా మహా జాజ్ పియానిస్టు అయ్యాడు, అతనికి ఎవరు నేర్పారని కూడా అడుగుతారు. పుస్తకం చదవకపోవడం వేరు, వేళ్లకు వరస లేకపోవడం వేరు. పుస్తకం లేనివాడు అదే లెక్కను తన చేతితో, చాలా ఏళ్ల ఖర్చుతో, తానే కట్టుకోవాలి. అంతటి ప్రతిభ ఉన్నవాణ్ని చూపించి, వారానికి రెండు గంటలు క్లాసుకు వచ్చే పిల్లవాణ్ని గాలికి వదిలేయడం స్వేచ్ఛ ఇవ్వడం అనిపించుకోదు, బాధ్యత తప్పించుకోవడం అనిపించుకుంటుంది.

మన సంగీతానికి ఇదంతా ఎందుకు, ట్రాన్స్‌పోజ్ బటన్ ఉందిగా అనేది మన దగ్గర ప్రత్యేకంగా వినబడే వాదం. పాట ఏ శ్రుతిలో ఉన్నా బటన్ నొక్కి సి లోనే వాయించేస్తే నల్ల మెట్ల గొడవే ఉండదు. అసలు పియానోకు ఆ బటన్ లేదన్నది మొదటి జవాబు. రెండో జవాబుకు సరళీవరసలతో అందరికీ పరిచయమైన మాయామాళవగౌళనే తీసుకుందాం. ఒకటో శ్రుతిలో, అంటే సి షడ్జమంగా, సి మేజర్ వేళ్ల వరసే దీనికీ చక్కగా సరిపోతుంది: బొటనవేలు షడ్జమం మీద, మళ్లీ మధ్యమం మీద, రెండూ తెల్ల మెట్లే. ఇప్పుడు పాడే అమ్మాయి శ్రుతి ఐదున్నర అనుకోండి. షడ్జమం ఎ ఫ్లాట్ మీదకు వెళ్లింది. పాత వరసే వాడితే బొటనవేలు షడ్జమం మీదా మధ్యమం మీదా పడుతుంది. ఒకటి ఎ ఫ్లాట్, ఇంకొకటి డి ఫ్లాట్, రెండూ నల్ల మెట్లే. ఈ స్కేల్‌కు ఐరోపా పుస్తకాల్లో పట్టిక వెతికి లాభం లేదు, అక్కర్లేదు కూడా. సూత్రం తెలిస్తే చాలు. నల్ల మెట్టు దాటగానే వచ్చే తెల్ల మెట్టు మీదకు బొటనవేలు రావాలి. షడ్జమం తర్వాత శుద్ధ రిషభం ఎ మీద ఉంది, పంచమం తర్వాత శుద్ధ ధైవతం ఇ మీద ఉంది, రెండూ తెల్లవి. షడ్జమాన్ని చూపుడువేలితో ఎత్తుకుని, రిషభం మీద బొటనవేలు వేసి, గాంధార మధ్యమ పంచమాలకు 2, 3, 4 వాడి, ధైవతం మీదకు మళ్లీ బొటనవేలు తెచ్చి, నిషాదానికి 2, పై షడ్జమానికి 3 వాడితే చేయి మెలితిరగకుండా ఎన్ని స్థాయిలైనా వెళ్తుంది. నాలుగూ మూడూ ఏడు, లెక్క అదే. మేళకర్తలు డెబ్బై రెండు, శ్రుతులు పన్నెండు. ఇన్నింటికీ పట్టికలు ఎవరూ అచ్చువేయరు. అందువల్ల ఫింగరింగ్ తర్కం పాశ్చాత్య సంగీతం వాయించేవాడికన్నా మన రాగాలను పియానో మీద వాయించాలనుకునేవాడికే ఎక్కువ అవసరం.

ఇక చివరి అభ్యంతరం, అన్నిటికన్నా నిజాయితీగా అడిగేది: వేళ్ల అంకెలంటే పిల్లలకు విసుగు పుడుతుంది, క్లాసే మానేస్తారు. విసుగు నిజమే, కారణం మాత్రం ఫింగరింగ్ కాదు, దాన్ని నేర్పే తీరు. నల్ల మెట్లు లేవు గనక సి మేజర్ సులువని మొదటిరోజే రెండు చేతులతో కలిపి వాయించమంటారు. చదవడానికి అది సులువు, వేళ్లకు కాదు. పైకి వెళ్లేటప్పుడు కుడి బొటనవేలు ఎఫ్ మీద పడితే ఎడమ బొటనవేలు జి మీద పడుతుంది. ఒక చేయి మలుపు తిరిగిన మరుక్షణం ఇంకో చేయి తిరగాలి. పిల్లవాడు చిక్కుపడేది అక్కడే. పైగా అన్నీ ఒకే ఎత్తులో ఉన్న మెట్లు, ఏది ఎక్కడుందో వేలికి ఆనవాలు దొరకదు. షోపాన్ దీన్ని ఎప్పుడో గుర్తించి సి మేజర్‌ను ఆఖరున పెట్టి, శిష్యులకు బి మేజర్‌తో మొదలుపెట్టాడు. అలాగే బి మేజర్‌తో మొదలుపెట్టి చూడండి. సి షార్ప్, డి షార్ప్ రెండు నల్ల మెట్లను 2, 3 వేళ్లతో ఒకేసారి కలిపి నొక్కించాలి. ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్ మూడింటిని 2, 3, 4తో కలిపి నొక్కించాలి. మధ్యలో మిగిలిన బి, ఇ తెల్ల మెట్లు బొటనవేలివి. పొడుగు వేళ్లు ఎత్తు మెట్ల మీద ఉన్నాయి గనక వాటి కింద బొటనవేలుకు దారి తెరిచే ఉంటుంది. రెండు చేతుల బొటనవేళ్లూ ఒకే మెట్ల మీద ఒకేసారి పడతాయి. సి మేజర్‌నే మొదలుపెట్టాలనుకుంటే రెండు బొటనవేళ్లనూ మధ్య సి మీద ఉంచి, చేతులు చెరోవైపుకు వెళ్లేట్టు వాయించమనండి. రెండు చేతుల్లోనూ 1, 2, 3, 1, 2, 3, 4 ఒకేసారి నడుస్తాయి. రోజుకు ఐదు నిమిషాలు, నిదానంగా, కారణం చెప్పి చేయిస్తే ఇది శిక్షగా మారదు. కారణం చెప్పకుండా అంకెలు వల్లె వేయించినప్పుడే 'ఏ వేలైతేనేం' అన్న తిరుగుబాటు పుడుతుంది. ఆ తిరుగుబాటులో సగం పాపం ఆ మాస్టార్లదే.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల మాస్టారిని ఈ నెలలో ఎన్ని పాటలు అయ్యాయని అడగడం మానేసి, ఈ స్కేల్‌లో ఇక్కడ ఈ వేలే ఎందుకని ఒక్కసారి అడగండి. చేయి చూపించి, మెట్టు చూపించి జవాబు చెప్పగలిగినవారి దగ్గర పిల్లవాణ్ని నిశ్చింతగా ఉంచవచ్చు. పుస్తకంలో అలా ఉందని గానీ, ఏదైనా ఫర్వాలేదని గానీ అంటే ఇంకో చోటు చూసుకోండి. సొంతంగా నేర్చుకునేవాళ్లు ఇవాళ సాధనకు కూర్చునే ముందు పెన్సిల్ తీసుకుని బొటనవేలు పడాల్సిన స్వరాల కింద మాత్రం 1 వేసుకోండి. స్థాయికి రెండే అంకెలు చాలు, మిగతా వేళ్లు వాటంతట అవే వరసలో పడతాయి. ఆ వరస చేతికి సరిపడకపోతే కారణం చూసుకుని మార్చండి. మార్చాక మాత్రం దానికే కట్టుబడి ఉండండి.